మేము – మనం

పార్లమెంటుకు సెలవులు వచ్చినప్పుడు ఢిల్లీ విలేఖరికి రాయడానికి ఏమీ ఉండదని ఒక అపోహ ఉన్నది. నిజానికి సభ జరుగుతున్నన్నాళ్లూ సభ్యులను చూడడమే గాని మనుషులను చూసే తీరిక దొరకదు. అందుచేత ఈ వారం బిల్లులు, సవరణలు, వాకౌట్లు పక్కన పెట్టి మర్యాదలను గూర్చి రాయదలచాను. ఇది తేలిక విషయమని పాఠకులు భావించవద్దని మనవి. మర్యాద తప్పిన ఒక్క మాట ఈ దేశంలో రాజకీయ చరిత్రనే మలుపు తిప్పిన సందర్భం మన రాష్ట్రంలోనే ఉన్నది. ఆ సంగతికి తరువాత వస్తాను.

మొదటిసారిగా లోక్‌సభకు ఎన్నికయి వచ్చిన తెలుగు సభ్యుడొకరు ఒక మధ్యాహ్నం ఆంధ్రభవన్ భోజనశాలలో నాకు ఎదురుపడి తమ మనస్తాపం వెళ్లబోసుకున్నారు. హర్యానాకు చెందిన సీనియర్ సభ్యుడొకాయన పది మంది ఎదుట తమ భుజం మీద చెయ్యి వేసి, "తూ కహాఁ సే ఆయా, భాయీ?" అన్నాడట. "మా ఊళ్లో కలెక్టరు కూడా నన్ను మీరు అంటాడండీ. ఈయన ఏకవచనంలో పిలుస్తాడేమిటి?" అన్నది వారి ఆవేదన. విచిత్రమేమంటే, వారం తిరగకముందే ఆ హర్యానా పెద్దమనిషి కూడా నాతో ఫిర్యాదు చేశాడు: "మీవాడు మంచివాడే గాని పొగరు ఎక్కువ. నా చేత్తో టీ అందిస్తే పుచ్చుకుని తాగాడు. షుక్రియా అన్న ముక్క లేదు!"

ఇద్దరూ మర్యాదస్థులే. ఒకరి మర్యాద మరొకరికి అర్థం కాలేదు, అంతే.

హిందీలో ఎదుటి మనిషిని సంబోధించడానికి మూడు మెట్లున్నాయి: తూ, తుమ్, ఆప్. బెంగాలీలోనూ మూడే: తుయ్, తుమి, ఆపని. మనకు నువ్వు, మీరు అని రెండే ఉన్నా, ఎదుట లేని మనిషిని గురించి చెప్పేటప్పుడు వాడు, అతను, ఆయన, వారు అని నాలుగు మెట్లు కట్టి ఆ లోటు తీర్చుకున్నాం. అయితే ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టాలన్నది నిఘంటువులో దొరకదు. లక్నోలో పాత కుటుంబాలవారు పసిపిల్లలను సైతం ఆప్ అంటారు. 'పహలే ఆప్' అని ఒకరినొకరు మన్నించుకుంటూ రైలు తప్పిపోయిన ఇద్దరు నవాబుల కథ ఉత్తరాదిలో వినని వారుండరు. అక్కడికి ఒక రాత్రి ప్రయాణం దూరంలో లేని హర్యానా పల్లెలలో తూ అన్నది చనువుకు గుర్తు. అటువంటి పల్లెలో ఎవరైనా మిమ్మల్ని ఆప్ అన్నాడంటే మీరింకా అతనికి పరాయివారన్న మాట! బిహారులో రిక్షా తొక్కే మనిషి సైతం తనను తాను హమ్ అని బహువచనంలో చెప్పుకుంటాడు. అది రాజసం కాదు, అక్కడి వాడుక. ఇక ఢిల్లీ సంగతి వేరు. ఉర్దూ తెహజీబుకు పేరుపడిన ఈ నగరం 1947 దేశవిభజనతో పశ్చిమ పంజాబు నుంచి తరలివచ్చిన శరణార్థుల నగరమయింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చి, మళ్లీ మొదటి నుంచి బతుకు కట్టుకున్నవారికి మాటలకు మెరుగులు దిద్దే వ్యవధి ఎక్కడిది? గట్టిగా మాట్లాడడం, వీపు చరచడం, ఇంటికి వచ్చినవాడికి కడుపు పగిలేలా పెట్టడం వారి మర్యాద.

అంతదూరం ఎందుకు, మన ఇల్లే చూసుకుందాం. గోదావరి జిల్లాలలో 'ఆయ్' అనకుండా, 'అండీ' చేర్చకుండా వాక్యం ముగియదు. తెలంగాణ పల్లెలో పెద్దమనిషిని 'నువ్వు' అంటూనే పక్కన 'అన్నా' అనో 'సారూ' అనో చేర్చి గౌరవించే వాడుక ఉన్నది. ఆ నువ్వులో అగౌరవం లేదని తెలుసుకోవడానికి కోస్తా నుంచి వెళ్లిన ఉద్యోగులలో చాలామందికి ఎన్నో ఏళ్లు పట్టింది. కొందరు తెలుసుకోకుండానే పదవీవిరమణ చేశారు. చలనచిత్రాలలో ఆ యాసను హాస్యగాళ్లకూ, రౌడీలకూ అప్పగించి దశాబ్దాల పాటు నవ్వుకున్నాం. 2014 జూన్ 2న ఏర్పడిన రాష్ట్రానికి నీళ్లు, నిధులు, నియామకాలు అని మూడు కారణాలు చెబుతారు. మాటను ఎగతాళి చేయడమన్న నాలుగవ కారణాన్ని ఏ గణాంకాలలోనూ చూపలేం గాని, అది లేదని మాత్రం ఎవరూ అనలేరు. ఒకే భాష మాట్లాడే ప్రజల మధ్యనే ఇంత ఉంటే, ఇన్ని భాషల దేశంలో ఎంత ఉండాలి?

ఇక కృతజ్ఞత మాట. నేను విశాఖపట్నంలో ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న రోజుల్లో ప్లీజ్, థాంక్యూ అన్న రెండు మాటలు లేనివాడు అనాగరికుడని నమ్మాను. సెలవులకు బందరు వెళ్లినప్పుడు మంచినీళ్లిచ్చిన మా అమ్మతో ఒకసారి థాంక్యూ అన్నాను. ఆమె నా ముఖం వంక చూసి, "ఏరా, ఒంట్లో బాగాలేదా?" అన్నది. మన భాషలో ధన్యవాదాలు సభావేదికల మీదా, కృతజ్ఞతలు ఉత్తరాల చివరా ఉంటాయి. ఇంట్లో ఉండవు. అంతమాత్రాన మనకు వినయం లేదనుకోవడం పొరపాటు. 'కాస్త ఆ పుస్తకం ఇలా ఇస్తారా' అన్న వాక్యంలో వినయమంతా 'కాస్త'లోనూ, క్రియాపదం తోకలోనూ ఒదిగి ఉంటుంది. అరవంలో చివర 'ఙ్గ' చేరిస్తే చాలు, గౌరవం వచ్చేస్తుంది. మన వినయం వ్యాకరణంలో ఉంటుంది గనుక, హిందీలోకో ఇంగ్లీషులోకో మాట మార్చుకోగానే అది రాలిపోతుంది. మిగిలిన బోడి వాక్యాన్ని విని అవతలివాడు మనం మొరటువాళ్లమనుకుంటాడు. ఆ హర్యానా పెద్దమనిషి టీ సంగతి ఇదే.

మాటలలోనే కాదు, చేతలలోనూ అంతే. మన ఇళ్లల్లో ఆడపిల్ల పండుగనాడు తల్లిదండ్రుల పాదాలకు నమస్కరిస్తుంది. ఉత్తరాదిన చాలా కుటుంబాలలో కూతురు కాళ్లకు మొక్కితే పుట్టింటివారు గాభరాపడి వెనక్కు జరుగుతారు. కన్య దేవీస్వరూపం, ఆమె చేత మొక్కించుకోవడం పాపం అంటారు. బుందేల్‌ఖండ్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో మేనమామే మేనల్లుడి, మేనకోడలి పాదాలు తాకుతాడు. మనవైపు మేనమామ మేనకోడలిని పెళ్లాడే ఆచారం ఉన్నదని విన్నప్పుడు ఆ ప్రాంతపు మిత్రుడొకరు చేతిలోని టీకప్పు కింద పెట్టేసి, "మీరూ మేమూ ఒకే ధర్మంలో ఉన్నామా?" అని నన్ను అడిగాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టాన్ని రూపొందించినవారికి ఈ చిక్కు తెలుసు. అందుకే నిషిద్ధ బంధుత్వాల జాబితా ఇచ్చి, ఆచారం అనుమతించేచోట మినహాయింపు అని ఐదవ సెక్షనులోనే చేర్చారు. ఒక ప్రాంతంలో పాతకమయింది మరొక ప్రాంతంలో శుభలేఖ కావచ్చునని ఒప్పుకున్న చట్టం అది. దేశాన్ని ఒకటిగా ఉంచిన తెలివి అటువంటి మినహాయింపులలోనే ఉన్నదని నాకు అనిపిస్తుంది.

మర్యాదలను నియమావళిగా రాసుకున్న చోటు పార్లమెంటు. సభలో ప్రవేశించేటప్పుడూ, వెళ్లేటప్పుడూ అధ్యక్షస్థానానికి తల వంచాలి. మాట్లాడుతున్న సభ్యుడికీ అధ్యక్షస్థానానికీ మధ్యగా నడవకూడదు. మాట్లాడేవారికి అడ్డు తగలకూడదు అని లోక్‌సభ 349వ నియమం చెబుతున్నది. వాటిలో చివరిదానికి పట్టిన గతి పాఠకులకు విదితమే. ఏ ప్రాంతం మర్యాదా కాని ఈ మర్యాదను ఆంగ్లేయుల నుంచి తెచ్చుకున్నాం గనుక అది అందరికీ సమానంగా పరాయిది. బహుశా అదే దాని సుగుణం. రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం సభా వ్యవహారాలు హిందీలోనో ఇంగ్లీషులోనో నడవాలి. ఆ రెండూ సరిగా రాని సభ్యుడు అధ్యక్షుల అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చు. 2025 నాటికి ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలకూ లోక్‌సభలో ఏకకాలానువాద సౌకర్యం ఏర్పడింది. ఇది సంతోషించవలసిన విషయం. కాని 'అధ్యక్షా, వారు చెప్పినదానితో నేను ఏకీభవించలేకపోతున్నందుకు మన్నించాలి' అని తెలుగులో అన్నది ఇంగ్లీషు కర్ణయంత్రంలో 'నేను అంగీకరించను' అని వినిపించిందంటే అందులో అనువాదకుడి తప్పు లేదు. గారును తర్జుమా చేసే యంత్రాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. పాత భవనంలో సెంట్రల్ హాలు ఉండేది. అక్కడ నాగాలాండు సభ్యుడూ, నెల్లూరు సభ్యుడూ ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతూ, యంత్రం చేయలేని అనువాదం చేసుకునేవారు. 2023 సెప్టెంబరులో సభలు కొత్త భవనానికి తరలిపోయాయి. అక్కడ సెంట్రల్ హాలు లేదు.

మొదట ప్రస్తావించిన సంగతికి ఇప్పుడు వస్తాను. 1982 ఫిబ్రవరిలో, అప్పటికి పార్లమెంటు సభ్యుడు మాత్రమే అయిన రాజీవ్ గాంధీ హైదరాబాదు వచ్చారు. ముఖ్యమంత్రి టి. అంజయ్య బేగంపేట విమానాశ్రయంలో దండలతో, జనసమూహంతో ఘనస్వాగతం ఏర్పాటు చేశారు. ఆ ఆర్భాటం చూసి రాజీవ్ గాంధీ అందరి ఎదుటా ముఖ్యమంత్రిని మందలించారు. పూర్వాశ్రమంలో విమాన చోదకులైన ఆయనకు విమానాశ్రయంలో జనం గుమిగూడడం క్రమశిక్షణారాహిత్యంగా కనిపించి ఉండవచ్చు. కార్మికుడిగా జీవితం ప్రారంభించి ముఖ్యమంత్రి అయిన అంజయ్యకు అతిథిని ఒట్టి చేతులతో ఎదుర్కోవడం అమర్యాదగా తోచి ఉండవచ్చు. ఇద్దరి మర్యాదలూ ఢీకొన్నాయి. ఒకరి చేతిలో అధికారం ఉన్నది గనుక రెండవవారికి అవమానం మిగిలింది. ఆ నెలాఖరుకే ముఖ్యమంత్రి మారారు. మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీని స్థాపించారు. తెలుగువారి ఆత్మగౌరవమన్న నినాదంతో 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. ఆ విజయానికి కారణాలు అనేకం. కాని విమానాశ్రయంలో జరిగిన ఆ కొద్ది నిమిషాల సంఘటన లేకుంటే ఆ నినాదానికి అంత పదును వచ్చేది కాదు.

ఇదంతా చదివి, మనం ఎప్పుడూ అవమానం పడ్డవాళ్లమేనని పాఠకులు భావించే ప్రమాదం ఉన్నది. నేను కూడా చాలాకాలం అలాగే భావించాను. కనుక ఈ సంగతి కూడా చెప్పాలి.

నేను ఢిల్లీ వచ్చిన కొత్తలో ఒక పంజాబీ పెద్దమనిషి ఇంటి మేడ మీద అద్దెకు ఉండేవాణ్ణి. చిన్నతనంలో రావల్పిండి నుంచి శరణార్థిగా వచ్చిన మనిషి. నా పేరు ఏనాడూ పలకలేదు. "ఓయ్ మద్రాసీ!" అని కింది నుంచి కేక వేసేవాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడివడిందనీ, దానికోసం పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం చేశారనీ ఆయనకు రెండుమూడుసార్లు చెప్పి చూశాను. "అచ్ఛా, అచ్ఛా" అని విని, మరునాడు మళ్లీ మద్రాసీ అనేవాడు. 1998లో మా అమ్మ బందరు నుంచి వచ్చింది. వస్తూ వస్తూ ఎండునెత్తళ్లు మూట కట్టుకుని వచ్చింది. అవి వేయించిన రోజున ఇల్లుగలాయన ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆయన శుద్ధ శాకాహారి. హిందీ ముక్క రాని మా అమ్మ, ఇంటాయన పలకరించడానికి వచ్చాడనుకుని పీట వేసి, కంచం పెట్టబోయింది. ఆయన ఒక క్షణం నిలబడి, ఆమెకు నమస్కారం చేసి కిందికి వెళ్లిపోయాడు. సాయంత్రం నన్ను పిలిచి అన్నాడు: "మీ అమ్మ ఉన్నన్నాళ్లూ మా కిటికీలు మేమే మూసుకుంటాం. ఆమె వెళ్లాక నువ్వు వంటగదికి సున్నం వేయించు."

ఇరవై ఏళ్లు పైగా గడిచాయి. ఇప్పుడు నేను యమునకు ఇవతల ఒక అపార్టుమెంటులో సొంత ఇంట్లో ఉంటున్నాను. మా పై అంతస్తులో ఇద్దరు నాగా అమ్మాయిలు అద్దెకు వచ్చారు. ఒకరు ఆసుపత్రిలో నర్సు, రెండవ అమ్మాయి సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుతున్నది. వారానికి ఒకసారి 'అఖూనీ' వండుకునేవారు. అది పులియబెట్టిన సోయా గింజల వంటకం. వాసన ఘాటుగా ఉంటుంది. ఈశాన్యం నుంచి వచ్చే విద్యార్థులకోసం 2007లో ఢిల్లీ పోలీసులు వేసిన చిరుపుస్తకంలో, ఎలాంటి దుస్తులు వేసుకోవాలో చెప్పినట్లే, ఈ అఖూనీ, వెదురు మొలకల వంటలు ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా చేసుకోవాలని హితవు చెప్పారు. అప్పట్లో ఆ పుస్తకాన్ని నేను తప్పుపట్టాను. 2014 జనవరిలో ఈ నగరపు బజారులో, జుట్టును ఎగతాళి చేయడంతో మొదలైన తగాదాలో దెబ్బలు తిని అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి ఒకడు మరణించాడు. ఆ తరువాత కేంద్రం నియమించిన బెజ్‌బరువా కమిటీ నివేదికలో ఈశాన్యం చరిత్రను దేశమంతటా పాఠాలలో చేర్చాలన్న సిఫారసు ఉన్నది. దాన్ని కూడా నేను సమర్థించాను.

అలాంటి నన్ను మా అపార్టుమెంటు సంఘంవారు పిలిచి, "మీరు ఇంగ్లీషు బాగా రాస్తారు, ఒక నోటీసు రాసిపెట్టండి" అని అడిగారు. ఫ్లాట్లను ఇకమీదట 'కుటుంబాలకు' మాత్రమే అద్దెకు ఇవ్వవలసిందని యజమానులను కోరడం దాని సారాంశం. అది ఎవరిని ఉద్దేశించినదో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. పావుగంటలో రాసి ఇచ్చాను. ఒక్క పరుషమైన మాట లేదు. దయచేసి అని రెండుసార్లు, సహకరించగలరని ఒకసారి రాశాను. నా జీవితంలో రాసిన అత్యంత మర్యాదకరమైన పత్రాలలో అది ఒకటి.

ఆ సంక్రాంతికి నా భార్య ఆ అమ్మాయిలకు స్టీలు గిన్నెతో పులిహోర పంపింది. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ నర్సు అమ్మాయి గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. గిన్నె ఖాళీగా లేదు. తమ ఊరి నుంచి వచ్చిన రాజా మిర్చి పచ్చడి నిండా పెట్టి తెచ్చింది. పొరుగింటి గిన్నె ఉత్తిగా ఇవ్వకూడదని మా అమ్మ చెప్పేది. ఆ మాట కొండలలో పుట్టిన ఆ పిల్లకు ఎవరు చెప్పారు? నోటీసు రాసిన చెయ్యి నాదేనని ఆమెకు తెలుసో తెలియదో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఓయ్ మద్రాసీ అన్న మనిషి కిటికీ మూసుకున్నాడు. దయచేసి అని రాసిన మనిషి ఇల్లు ఖాళీ చేయించాడు. మర్యాద ఎవరిదో తేల్చడానికి ఏ కమిటీ అక్కరలేదు.

ఆ నోటీసు 'వీ' అన్న ఇంగ్లీషు మాటతో మొదలయింది. హిందీలో రాసినా హమ్ అనేవాణ్ణి. ఈ రెండు భాషలలోనూ ఒక సౌకర్యం ఉన్నది: ఎదుటివాణ్ణి కలుపుకున్నామా, వదిలేశామా అన్నది చెప్పనక్కరలేదు. మన భాషలో ఆ సౌకర్యం లేదు. 'మేము' అంటే నువ్వు కాక మిగిలినవాళ్లం. 'మనం' అంటే నీతో కూడా కలిపి. మరాఠీలో ఆమ్హీ, ఆపణ్ అనీ, గుజరాతీలో అమే, ఆపణే అనీ ఇదే తేడా ఉన్నది. అరవంలో నాఙ్గళ్, నామ్. ఆ నోటీసును తెలుగులో రాయవలసి వచ్చి ఉంటే మొదటి మాట దగ్గరే నా కలం ఆగి ఉండేది. మేము అని రాస్తే దాని అసలు స్వరూపం బయటపడేది. మనం అని రాస్తే ఆ నోటీసు అక్కరే ఉండేది కాదు.

మన రాజ్యాంగ పీఠిక తెలుగు అనువాదంలో ఉన్న మాట 'మేము'. లోకానికి ప్రకటన చేస్తున్నప్పుడు అది సరైన మాటే. కాని ఒక మేడకింద కాపురముంటున్నప్పుడు, ఒక బల్ల దగ్గర టీ తాగుతున్నప్పుడు కావలసింది మరొక మాట. భోజనం, నమస్కారం, సంబోధన దేశమంతటా ఒకేలా ఉండాలని నేను కోరను. అలా అయిన నాడు నాలాంటి విలేఖరికి ఈ దేశం చాలా నిస్సారంగా ఉంటుంది. ఎదుటివాడి మర్యాద మనకు అర్థం కాకపోయినా, అదీ ఒక మర్యాదేనని నమ్మితే చాలు.

సెలవు పుచ్చుకునేటప్పుడు మనం వెళ్తాను అనము, వెళ్లొస్తాను అంటాం. అరవంవారు పోయిట్టు వరేన్ అంటారు. బెంగాలీలు, మరాఠీలు ఇంకా ముందుకు పోయి, గుమ్మం దాటుతూ 'ఆశి' అనీ, 'యేతో' అనీ, అంటే వస్తాననే చెబుతారు. ఆ రోజు నర్సు అమ్మాయి మెట్లు దిగుతూ, తనది కాని హిందీలో, "ఫిర్ ఆయేంగే, అంకుల్" అన్నది. ఆమె మళ్లీ రాలేదు. గిన్నె మా వంటింట్లో ఉన్నది.